పెంపుడు కుక్కకు పెద్దకూర: పచ్చి అవయవాల ప్రమాదం, కాల్షియం లోటు, వండి పెట్టే పద్ధతి

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పి జవాబులోకి వెళ్తాను. మీ ఇంట్లో 24 కిలోల బరువున్న ఏడు నెలల జర్మన్ షెపర్డ్ పిల్ల ఉంది. సంచిలో వచ్చే పొడి ఆహారం తినడం మానేసింది కాబట్టి రెండు నెలలుగా మాంసం దుకాణం నుంచి పెద్దకూర, దానితోపాటు ఊపిరితిత్తులు, కార్జం తెచ్చి, కొంత పచ్చిగానూ కొంత ఉడికించి అన్నంలో కలిపీ పెడుతున్నారు. పచ్చిగా తింటేనే కుక్కకు బలమని దుకాణదారు అంటున్నాడు. వేడి చేసి గజ్జి పడుతుందని మీ మామగారు వద్దంటున్నారు. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. ఇలా పెట్టడం క్షేమమేనా, క్షేమంగా పెట్టాలంటే ఎలా పెట్టాలి అని అడిగారు.

పెద్దకూర, అంటే మన దగ్గర ప్రధానంగా గేదె మాంసం, కుక్కకు మంచి ఆహారమే. ఉడికించి, కొలతతో, సరైన తోడు పదార్థాలతో పెడితే నిశ్చింతగా పెట్టవచ్చు. అయితే మీరు ఇప్పుడు పెడుతున్న తీరులో రెండు విషయాలు ఈ రోజే ఆగిపోవాలి. మొదటిది, పచ్చి ఊపిరితిత్తులు, పచ్చి కార్జం పెట్టడం. దీని ప్రమాదం కుక్క కంటే మీ పాపకు ఎక్కువ. రెండవది, ఎదిగే పిల్లకు మాంసమూ అన్నమూ మాత్రమే పూర్తి ఆహారంగా పెట్టడం. దీని ప్రమాదం కుక్క ఎముకలకు. చిన్న జంతువుల వైద్యంలో ఎన్నో ఏళ్లుగా ఉన్నవాడిగా, మాంసం వల్ల కుక్కలకు కలిగే హానిలో పెద్ద భాగం ఈ రెండు దారుల్లోనే వస్తుందని నమ్మకంగా చెప్పగలను.

మనం పెద్దకూర అని కొనేది ఏ మాంసమో ముందు తెలుసుకోవాలి, ఎందుకంటే కొలతలు దానిమీదే ఆధారపడతాయి. 1977 నాటి గోవధ నిషేధ, జంతు సంరక్షణ చట్టం ప్రకారం తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆవులను, ఆవు దూడలను, గేదె దూడలను వధించడం నిషిద్ధం; పాలకూ పనికీ పనికిరావని అధికారి ధ్రువీకరించిన గేదెలను, దున్నలను, ఎద్దులను మాత్రమే వధించవచ్చు. అందువల్ల మన దుకాణాల్లో దొరికేది ప్రధానంగా వయసు మళ్లిన గేదె మాంసం. అది గట్టిగా ఉంటుంది, ఉడకడానికి సమయం పడుతుంది, కానీ కొవ్వు చాలా తక్కువ. పైకొవ్వు తీసేసిన గేదె మాంసం 100 గ్రాములలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు, రెండు గ్రాములకు మించని కొవ్వు, దాదాపు 100 కిలోకేలరీల శక్తి ఉంటాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లు దుకాణంలో కొనే ఎనభై-ఇరవై రకం (ఎనభై శాతం కండ, ఇరవై శాతం కొవ్వు) ఆవు కీమాలో అదే 100 గ్రాములకు 20 గ్రాముల కొవ్వు, 250 కిలోకేలరీలు ఉంటాయి. కాబట్టి ఇక్కడ నేను గేదె మాంసానికి చెప్పే కొలతలను డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవారు ఆ కీమాకు వర్తింపజేస్తే కుక్క రెండింతలకు పైగా శక్తిని తిన్నట్టవుతుంది. వారు తొంభైమూడు-ఏడు రకం కొని, వండాక పైకి తేలిన కొవ్వును వంపేయాలి. ఒకేసారి ఎక్కువ కొవ్వు తిన్న కుక్కలకు క్లోమగ్రంథి వాపు రావచ్చు. ఆగని వాంతులు, నడుము వంచి నిలబడటం, పొట్ట ముట్టనివ్వకపోవడం దాని గుర్తులు, అప్పుడు ఇంటి వైద్యం చేయకూడదు.

ఇక పచ్చి అవయవాల సంగతి. ఈ భాగాన్ని కొంచెం విపులంగా రాస్తున్నాను, ఎందుకంటే నా దగ్గరకు కుక్కలను తెచ్చే చదువుకున్న కుటుంబాల్లో కూడా దీని గురించి తెలిసినవారు చాలా తక్కువ. ఎకినోకాకస్ గ్రాన్యులోసస్ అనే ఒక బద్దె పురుగు ఉంది. దాని పిల్లదశ గేదెలు, ఆవులు, గొర్రెలు, మేకల ఊపిరితిత్తుల్లోనూ కాలేయంలోనూ నీటితో నిండిన తిత్తులుగా పెరుగుతుంది. వీటినే హైడేటిడ్ తిత్తులు అంటారు. అటువంటి ఒక్క తిత్తిలో వేలకొద్దీ పురుగు మొలకలు ఉండగలవు. కుక్క ఆ అవయవాన్ని పచ్చిగా తిన్నప్పుడు అవన్నీ దాని పేగుల్లో అతుక్కుని, సుమారు ఆరేడు వారాల్లో పెద్ద పురుగులై, మలంతోపాటు గుడ్లు విడవడం మొదలుపెడతాయి. పెద్ద పురుగు పొడవు ఏడు మిల్లీమీటర్లకు మించదు. అందుకే మలంలో బియ్యపు గింజల్లా కదిలే మామూలు బద్దె పురుగుల ముక్కలు కంటికి కనిపించినట్టు ఇది కనిపించదు. వేల పురుగులున్నా కుక్క హుషారుగా తింటుంది, ఆడుతుంది, బొచ్చు నిగనిగలాడుతుంది.

ఆ గుడ్లు కుక్క తోక కింద, తొడల మీద, అది నాలుకతో తనను శుభ్రం చేసుకునేటప్పుడు మూతి మీద, చివరకు ఒళ్లంతా బొచ్చుకు అంటుకుంటాయి. పెరటి మట్టిలోనూ తడి నేలలోనూ నెలల తరబడి బతికి ఉంటాయి. కుక్కను కౌగిలించుకుని, చేతులు కడుక్కోకుండా ఏదైనా తిన్న పిల్లల కడుపులోకి గుడ్డు వెళ్తే, గేదెలో పెరిగిన తిత్తే మనిషి కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో పెరగడం మొదలవుతుంది. అది నెమ్మదిగా, ఏళ్ల తరబడి, ఏ బాధా లేకుండా పెరుగుతుంది; బయటపడేసరికి శస్త్రచికిత్స, నెలల తరబడి ఆల్బెండజోల్ అనే మందు అవసరమవుతాయి. తిత్తి లోపల పగిలితే ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చు. కుక్క తిన్న పచ్చి ఊపిరితిత్తి ముక్కకు, పదేళ్ల తరువాత ఆసుపత్రిలో చేరిన బిడ్డకు ఉన్న సంబంధం ఆ కుటుంబంలో ఎవరికీ తట్టదు.

ఇది మన దగ్గర దూరపు ముప్పు అనుకోవద్దు. అనుమతి ఉన్న కబేళాలో పశువైద్యుడు అవయవాలను కోసి చూసి, తిత్తులున్నవాటిని వేరుచేసి నాశనం చేయించాలి. తనిఖీ లేకుండా ఇంటి వెనుక కోసే చోట ఆ పని జరగదు. పైగా అమ్ముడుపోని ఊపిరితిత్తులు దుకాణం చుట్టూ తిరిగే వీధి కుక్కలకు పడతాయి, అవి మేత బీళ్లలో గుడ్లు విడుస్తాయి, ఆ మేత గేదెలు తింటాయి. ఈ చక్రాన్ని తెంచడం సాధ్యమేనని ఐస్‌లాండ్, న్యూజీలాండ్ నిరూపించాయి. పచ్చి అవయవాలు కుక్కల నోటికి అందకుండా కట్టడి చేయడం, కుక్కలకు తప్పనిసరిగా నులిపురుగుల మందు వేయించడం, ప్రజలకు వివరంగా చెప్పడం ద్వారా ఐస్‌లాండ్ ఆ వ్యాధిని పూర్తిగా వదిలించుకుంది. న్యూజీలాండ్ 2002లో తమ దేశం దాని నుంచి తాత్కాలికంగా విముక్తమైనట్టు ప్రకటించుకుంది. మన పురపాలక సంఘాలు మాంసం వ్యర్థాలను మూత ఉన్న డబ్బాల్లో సేకరించి నాశనం చేయడం ఒక్కటి పట్టుదలగా చేసినా ఎంతో మేలు జరుగుతుందని నా అభిప్రాయం.

మీరు చేయవలసింది మాత్రం తేలిక. ఊపిరితిత్తులు, కార్జం, గుండెకాయ, తిల్లీ (ప్లీహం) ఏవైనా సరే, చిన్న ముక్కలుగా కోసి, నీళ్లు మరిగిన తరువాత కనీసం అరగంట ఉడికించి మాత్రమే పెట్టండి. పైకి తిత్తి కనిపించడం లేదు కదా అని పచ్చిగా పెట్టకండి. చిన్న తిత్తులు లోపల దాగి ఉంటాయి. నీటి బుడగలాంటిది కనిపించిన అవయవాన్ని ఉడికించి కూడా పెట్టవద్దు, లోతుగా పూడ్చండి లేదా కాల్చేయండి. నిజానికి ఊపిరితిత్తుల్లో పోషకం తక్కువ, ప్రమాదం ఎక్కువ. చవకగా దొరుకుతాయన్న ఒక్క కారణం తప్ప వాటిని కొనడానికి మరో కారణం లేదు కాబట్టి పూర్తిగా మానేయమనే చెబుతాను.

కండ మాంసం పచ్చిగా పెట్టడంలో కూడా లాభం లేదు. పచ్చి మాంసంలో సాల్మొనెల్లా, ఈ.కోలై, క్యాంపిలోబ్యాక్టర్, లిస్టీరియా వంటి సూక్ష్మజీవులు ఉండవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క వాటిని తట్టుకుని, ఏ లక్షణమూ లేకుండా మలంలో వదులుతూ ఉంటుంది. జబ్బు పడేది ఇంట్లోని పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు. అమెరికా పశువైద్య సంఘం 2012లో ఈ కారణంగానే పచ్చి మాంసాహారాన్ని ప్రోత్సహించవద్దని విధానం ప్రకటించింది. ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే సూక్ష్మజీవులు చచ్చిపోతాయన్న నమ్మకం సరైనది కాదు. అవి నిద్రాణంగా ఉండి, మంచు కరగగానే మళ్లీ పెరుగుతాయి. పచ్చి మాంసం వల్ల కుక్క చురుకైన కాపలాదారు అవుతుందన్న మాటకు కూడా ఆధారం లేదు. కుక్క స్వభావం దాని జాతి, చిన్ననాటి పెంపకం, మనుషులతో అలవాటు బట్టి ఏర్పడుతుంది. వండిన మాంసకృత్తులను కుక్క పేగు చాలా బాగా జీర్ణం చేసుకుంటుంది.

రెండవ విషయం కాల్షియం. ఇది మీ పిల్లకు అత్యవసరమైన విషయం. 100 గ్రాముల మాంసంలో ఫాస్ఫరస్ సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటే, కాల్షియం పది మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. కుక్క శరీరానికి కాల్షియం ఫాస్ఫరస్‌తో కనీసం సమానంగా, వీలైతే కొంచెం ఎక్కువగా అందాలి. మాంసమే ముఖ్యాహారమైతే ఈ నిష్పత్తి ఒకటికి ఇరవైగా తలకిందులవుతుంది. అన్నం దాన్ని సరిచేయదు, ఎందుకంటే అన్నంలోనూ కాల్షియం దాదాపు లేదు. రక్తంలో కాల్షియం పడిపోతే గుండె, నరాలు, కండరాలు పనిచేయవు కాబట్టి శరీరం ప్రమాదాన్ని గుర్తించి పారాథైరాయిడ్ గ్రంథుల చేత ఎముకల నుంచి కాల్షియాన్ని లాగిస్తుంది. ఖజానాలోని నగలు ఒక్కొక్కటిగా తాకట్టు పెట్టి ఇల్లు నడుపుతున్నట్టు, బయటికి అంతా సవ్యంగా కనిపిస్తూ లోపల ఎముక గోడలు పలచబడతాయి. పిల్ల మొదట ఆటలు తగ్గిస్తుంది, మెట్లెక్కడానికి వెనకాడుతుంది, ఎత్తుకుంటే మూలుగుతుంది. ముందుకాళ్ల పాదాలు వెడల్పుగా పరుచుకుంటాయి, కాళ్లు వంగుతాయి, చివరకు మంచం మీద నుంచి దూకినంత మాత్రానికే ఎముక విరుగుతుంది. బాగా తిని కండపట్టిన పిల్లకు బలహీనత ఎందుకని యజమానులు అడుగుతారు. కండ పెరిగిన కొద్దీ ఆ బరువు మోసే ఎముకకు ఇబ్బంది ఎక్కువవుతుంది.

ఇది చదివి వెంటనే మందుల దుకాణానికి వెళ్లి కాల్షియం టానిక్ కొనకండి. పెద్ద జాతి పిల్లలు, ముఖ్యంగా ఆరు నెలల లోపువి, ఆహారంలో వచ్చిన కాల్షియాన్ని అవసరానికి తగ్గట్టు తగ్గించుకుని పీల్చుకోలేవు. ఎంత పోస్తే అందులో ఎక్కువ భాగం లోపలికి వెళ్తుంది. నెదర్లాండ్స్‌లో గ్రేట్ డేన్ పిల్లల మీద చేసిన పరిశోధనల్లో, అధిక కాల్షియం కూడా ఎముకల ఎదుగుదలను వక్రీకరించి, కీళ్ల మృదులాస్థిని దెబ్బతీస్తుందని తేలింది. సమతుల్యమైన పప్పీ ఆహారం పెడుతూనే దానిమీద రోజూ కాల్షియం సిరప్ పోయడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు; ఆ పిల్లలకు అది హానే చేస్తుంది.

అందుచేత మీ పిల్లకు నా సలహా ఇది. పెద్ద జాతి పిల్లల కోసం తయారైన సంపూర్ణ పొడి ఆహారమే దాని ప్రధాన ఆహారంగా ఉండాలి. ఉడికించిన పెద్దకూర రోజువారీ శక్తిలో పదోవంతుకు మించకూడదు. ఈ వయసులో 24 కిలోల పిల్లకు రోజుకు సుమారు 1500 కిలోకేలరీలు కావాలి. అందులో పదోవంతు అంటే పచ్చిగా తూచినప్పుడు 150 గ్రాముల కొవ్వులేని గేదె మాంసం. దానిని ఉడికించి, సన్నగా తరిగి, గోరువెచ్చని ఉడికిన నీటితో సహా పొడి ఆహారంలో బాగా కలిపితే పిల్ల వాసనకు వచ్చి తింటుంది. ఇరవై నిమిషాల్లో తినకపోతే గిన్నె తీసేసి తరువాతి పూటకు మళ్లీ పెట్టండి. ఈ మధ్యలో విడిగా మాంసం పెట్టకండి. ఆరోగ్యంగా ఉన్న ఏడు నెలల పిల్ల సాధారణంగా కొద్ది రోజుల్లోనే దారికి వస్తుంది. రెండు పూటలు వరుసగా ఏమీ తినకుండా నీరసించినా, వాంతులు, విరేచనాలు ఉన్నా అది మొండితనం కాదు, వెంటనే చూపించాలి. పాత ఆహారం నుంచి కొత్తదానికి వారం పది రోజుల్లో క్రమంగా మార్చండి.

పెద్ద కుక్కలకు ఇంట్లోనే వండాలనుకునేవారి కోసం ఒక నమూనా చెబుతాను. ఇది పిల్లలకు, గర్భంతో ఉన్నవాటికి, పాలిచ్చేవాటికి పనికిరాదు. 20 కిలోల బరువున్న, ఎక్కువగా ఇంట్లోనే ఉండే పెద్ద కుక్కకు రోజుకు దాదాపు వెయ్యి కిలోకేలరీలు చాలు. దానికి పచ్చిగా తూచిన 300 గ్రాముల కొవ్వులేని గేదె మాంసం, 350 గ్రాముల వండిన అన్నం, ఒక ఉడికించిన గుడ్డు, 100 గ్రాముల గుమ్మడికాయ, క్యారెట్ లేదా బీన్స్, ఉడికించిన కార్జం 15 గ్రాములు, రెండు టీస్పూన్ల నూనె సరిపోతాయి. కాల్షియం కోసం కోడిగుడ్డు పెంకును నీటిలో మరిగించి, ఆరబెట్టి, మిక్సీలో మెత్తని పిండిగా చేసి అర టీస్పూను కంటే కొంచెం ఎక్కువగా, అంటే మూడు గ్రాములు కలపాలి. అందులో ఒక గ్రాముకు పైగా కాల్షియం ఉంటుంది. కార్జం 15 గ్రాములే అని ఎందుకన్నానంటే, కుక్కకు రోజుకు కావలసిన రాగి దాదాపు అంతా ఆ చిన్న ముక్కలోనే ఉంటుంది, విటమిన్ ఏ కావలసినదానికంటే ఎక్కువే ఉంటుంది. దుకాణంలో చవక అని రోజూ పావుకిలో కార్జం పెడితే ఈ రెండూ శరీరంలో పేరుకుపోతాయి. లాబ్రడార్లలో కొన్నింటి కాలేయం రాగిని సరిగా బయటికి పంపలేదు కాబట్టి వాటి విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

ఇంత చేసినా ఈ గిన్నెలో విటమిన్ డి, విటమిన్ ఈ, అయోడిన్, మాంగనీస్ చాలినంత ఉండవు. జింక్ కూడా అంచుమీదే ఉంటుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పశువైద్యులు 2013లో ఇంటి వంటకాల సూత్రాలు 200 పరిశీలిస్తే, వాటిలో 95 శాతంలో కనీసం ఒక అవసరమైన పోషకం లోపించింది. వాటిలో పశువైద్యులు రాసినవి కూడా ఉన్నాయి. అందువల్ల నెలల తరబడి ఇంటి వంటే పెట్టేవారు, ఇంటి వంట కోసమే తయారైన విటమిన్-ఖనిజ మిశ్రమాన్ని పశువైద్యుడి సలహాతో కలపాలి. అందులో కాల్షియం ఇప్పటికే ఉంటే గుడ్డు పెంకు పిండి మానేయాలి.

వండే పద్ధతిలో పెద్ద కష్టమేమీ లేదు. ఉదయాన్నే, కోసి ఎక్కువసేపు వేలాడదీయని మాంసం కొనండి. కీమా కంటే ముక్కలు కొనడం మేలు, ఎందుకంటే కీమా యంత్రంలో పైపొర మీది సూక్ష్మజీవులు మాంసమంతా కలిసిపోతాయి, ముందు వాడినవారి మాంసం అవశేషాలు కూడా అందులో ఉంటాయి. అంగుళం ముక్కలుగా కోసి, కొవ్వు తీసి, ఉప్పు, కారం, మసాలా లేకుండా ప్రెషర్ కుక్కర్‌లో మెత్తబడే వరకు ఉడికించండి. గేదె మాంసానికి సన్న సెగ మీద ఇరవై ఐదు ముప్పై నిమిషాలు పడుతుంది. చిటికెడు పసుపు వేస్తే నష్టం లేదు. ఉడికిన నీటిని పారబోయకండి, కరిగే బి విటమిన్లు అందులోకే వస్తాయి. చల్లార్చి పైన గడ్డకట్టిన కొవ్వును తీసేసి అన్నంలో కలపండి. ఆవు కీమా వండేవారు మధ్యభాగం 71 డిగ్రీల సెల్సియస్‌కు చేరిందని థర్మామీటర్‌తో చూసుకుంటే చాలు. వండినదాన్ని రెండు గంటలలోపు, మన ఎండాకాలంలో ఒక గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. వారానికి సరిపడా వండుకునేవారు ఒక్కో పూటకు ఒక్కో పొట్లంగా పలచగా పరిచి గడ్డకట్టించి, వాడే ముందు రాత్రి ఫ్రిజ్ కింది అరలో కరిగించుకోవాలి. వంటింటి గట్టు మీద కరిగించకూడదు. పచ్చి మాంసం కోసిన కత్తి, పలక విడిగా ఉంచి సబ్బుతో కడగండి. మాంసాన్ని పంపు కింద పెట్టి జల్లుగా కడిగితే తుంపర్లు చుట్టుపక్కల గిన్నెలమీద పడతాయి. కుక్క తినగా మిగిలినది అరగంటకు మించి గిన్నెలో ఉంచవద్దు.

ఇంట్లో మనుషులకు వండిన పెద్దకూర మిగిలితే అది కుక్కకు పనికిరాదు, ముక్కలు కడిగి పెట్టినా సరే. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. శరీర బరువులో కిలోకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి తిన్నప్పుడు స్పష్టమైన రక్తహీనత వస్తుంది, రోజూ కొద్దికొద్దిగా అందినా నష్టం కూడుకుంటుంది. వెల్లుల్లి ఇంకా ఘాటైనది. లక్షణాలు వెంటనే కాక కొన్ని రోజుల తరువాత కనిపిస్తాయి కాబట్టి చిగుళ్లు పాలిపోవడం, మూత్రం ముదురు ఎరుపు లేదా గోధుమ రంగులోకి మారడం చూస్తే, వారంలో ఏం పెట్టారో గుర్తుచేసుకుని వైద్యుడికి చెప్పండి.

బొక్కల గురించి మీరు అడగలేదు, కానీ దుకాణదారు ఉచితంగా ఇస్తాడు కాబట్టి చెప్పాలి. ఉడికిన బొక్క పెళుసుబారి పదునైన చీలికలుగా విరిగి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. ఉడకని నల్లీ బొక్క కుక్క పన్నును విరగ్గొట్టేంత గట్టిది. దానిని కొరికే ప్రయత్నంలో పైదవడ పెద్ద పన్ను నిలువుగా చీలిన కుక్కలను తరచుగా చూస్తుంటాం. గుండ్రంగా కోసిన నల్లీ బొక్క కింది దవడకు ఉంగరంలా బిగుసుకుపోతే మత్తిచ్చి కోసి తీయవలసి వస్తుంది. ఎండబెట్టిన డెక్కలు, తోలు ముడులు కూడా ఇదే కోవలోకి వస్తాయి. కొరకడానికి గట్టి రబ్బరు బొమ్మ ఇవ్వండి. బొటనవేలి గోటితో నొక్కితే కాస్తయినా లొంగనిది కుక్క పళ్లకు మంచిది కాదు.

మీ మామగారి మాటలో కొంత నిజం దాగి ఉంది, దానిని తేలికగా తీసిపారేయకండి. గజ్జి చర్మంలో చేరే సూక్ష్మమైన పురుగుల వల్ల వస్తుంది, మాంసం వల్ల రాదు. కానీ కొన్ని కుక్కలకు ఆహార అలర్జీ వల్ల పాదాలు, చెవులు, పొట్ట కింద విపరీతమైన దురద వస్తుంది, గోకి గోకి గజ్జిలాగే కనిపిస్తుంది. 2016లో ప్రచురితమైన ఒక సమీక్షలో, ఆహార అలర్జీ నిర్ధారణ అయిన 297 కుక్కల్లో 34 శాతానికి పశుమాంసం, 17 శాతానికి పాల పదార్థాలు, 15 శాతానికి కోడిమాంసం కారణమని తేలింది. అవి అలర్జీ ఉన్న కుక్కల్లోని నిష్పత్తులు. పశుమాంసం తినే కుక్కల్లో మూడోవంతుకు అలర్జీ వస్తుందని వాటి అర్థం కాదు. మీ పిల్లకు దురద మొదలైతే ముందు చర్మాన్ని గీకి పురుగుల పరీక్ష చేయించండి. పురుగులు లేకపోతే, అది ఇంతవరకు తినని ఒకే మాంసంతో కనీసం ఎనిమిది వారాలు పథ్యం పెట్టి చూడాలి. ఆ కాలంలో పెరుగన్నం కూడా ఆపాలి, ఎందుకంటే పాలలోనూ పశుమాంసంలోనూ ఉమ్మడిగా ఉండే మాంసకృత్తులు కొన్ని ఉన్నాయి.

మూత్రపిండాల జబ్బు ఉన్న కుక్కలకు, ఒకసారి క్లోమగ్రంథి వాపు వచ్చినవాటికి, మూత్రంలో యూరేట్ రాళ్లు వచ్చే స్వభావమున్న డాల్మేషియన్లకు వైద్యుడిని అడగకుండా పెద్దకూర పెట్టవద్దు. గొంతు భాగపు ముక్కలు, అంటే ఆహారనాళం చుట్టూ ఉండే మాంసం కొనవద్దు. దానికి థైరాయిడ్ గ్రంథి అంటుకుని ఉంటుంది, వండినా ఆ హార్మోన్ పోదు, తిన్న కుక్కలు సన్నబడి, ఎప్పుడూ దాహంతో, నిలకడ లేకుండా తిరుగుతాయి. రోగంతోనో విషంతోనో చచ్చిన పశువు మాంసం ఏ రూపంలోనూ పెట్టకూడదు. హఠాత్తుగా చచ్చిపోయి ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లని రక్తం కారిన పశువును కోయనే కూడదు, అది ఆంత్రాక్స్ కావచ్చు. వెంటనే పశుసంవర్ధక శాఖకు చెప్పాలి. ఆచారం వల్ల ఇంట్లోకి పెద్దకూర తేనివారు దాని కోసం బాధపడనక్కరలేదు. కోడిమాంసం, గుడ్లు, చేపలతో ఇదే పోషణ అందించవచ్చు.

ఇక ఈ వారంలో మీరు చేయవలసినవి. రెండు నెలలుగా పచ్చి ఊపిరితిత్తులు తిన్న పిల్ల కాబట్టి దానికి ఎకినోకాకస్ ఉండవచ్చనే భావించి, ప్రాజిక్వాంటెల్ ఉన్న మందు కిలో బరువుకు ఐదు మిల్లీగ్రాముల చొప్పున మీ పశువైద్యుడి చేత వేయించండి. నులిపురుగులకు మందు వేశామని మీరు అంటే, ఆ మాత్రలో ప్రాజిక్వాంటెల్ ఉందో లేదో పెట్టె మీద చూడండి. పైరాంటెల్ ఒక్కటే ఉన్న సిరప్ ఈ పురుగును చంపదు. ఆ మందు పురుగులను చంపుతుంది గానీ అవి అప్పటికే పెట్టిన గుడ్లను చంపదు కాబట్టి, మందు వేసిన తరువాత రెండు మూడు రోజుల మలాన్ని చేతికి తొడుగు వేసుకుని ఎత్తి కాల్చండి లేదా లోతుగా పూడ్చండి, కుక్కకు స్నానం చేయించండి, పడక బట్టలను మరిగిన నీటిలో ఉతకండి, ఆ రోజుల్లో పాపను దూరంగా ఉంచండి. ఆరు వారాల తరువాత మరో మోతాదు వేయించండి. పాప విషయం పిల్లల వైద్యుడికి ఒకసారి చెప్పి ఉంచండి. పొట్ట స్కానింగ్ అవసరమో కాదో ఆయన నిర్ణయిస్తారు.

అదే రోజు పిల్లను నడిపించి కాళ్లు, పాదాలు చూపించండి. రక్తపరీక్షలో కాల్షియం మామూలుగా ఉందని వస్తే దానితో తృప్తిపడకండి; ఎముకల నుంచి లాక్కుని అయినా శరీరం రక్తంలో ఆ స్థాయిని నిలబెడుతుంది కాబట్టి ఆ అంకె చాలా కాలం వరకు సరిగ్గానే ఉంటుంది. నడకలో ఏ మాత్రం తేడా కనిపించినా ముందుకాలి ఎక్స్‌రే తీయించండి. ఎముక గోడ మందం అందులో తెలుస్తుంది. పలచబడినట్టు తేలితే, సమతుల్య ఆహారంతోపాటు కొన్ని వారాలు గచ్చు మీద జారకుండా, దూకకుండా, మెట్లెక్కకుండా చిన్న స్థలంలో మెత్తని పరుపు వేసి ఉంచితే, ఈ వయసు పిల్లల్లో ఎముకలు చాలావరకు కోలుకుంటాయి.